మళ్లీ కోతేనా?

మొదటి కాన్పు సిజేరియన్‌. రెండోసారి నెలలు నిండుతున్నాయి. స్కానింగ్‌లో ‘బేబీ పెద్దగా ఉంది’ అన్నారు. నొప్పుల కోసం ఎదురుచూడాలా? తేదీ ఖాయం చేసుకుని ఆపరేషన్‌ థియేటర్‌కి వెళ్లాలా? కంగారులో తేల్చేసే ప్రశ్న కాదిది. పంతానికి పోయే ప్రశ్నా కాదు. కొన్ని కాగితాలు వెతకాలి. కొన్ని లెక్కలు తెలియాలి. ఆ తర్వాతే నిర్ణయం!

‘‘మొదటిది పెద్దాపరేషనా... అయితే రెండోదీ అంతే!’’

ఎదురింటి పిన్నిగారి దగ్గర్నుంచి ఆస్పత్రి వరండాలో పక్కన కూర్చున్నావిడ దాకా అందరిదీ ఇదే మాట. ‘ఈసారైనా మామూలు కాన్పు అయితే బాగుండు’ అని ఏ మూలనో ఆశ ఉన్నా, ఎనిమిదో నెల దాటాక చేసే గ్రోత్‌ స్కాన్‌తో అది కాస్తా ఆవిరైపోతుంది. బిడ్డ బరువు కాస్త ఎక్కువ కనిపించిందంటే చాలు, ఇంటిల్లిపాదికీ రెండు భయాలు. పాత కుట్లు తట్టుకుంటాయా అన్నది ఒకటి. అంత బిడ్డ బయటికి ఎలా వస్తుందన్నది రెండోది. రెండూ కలిస్తే ఇంక ఆలోచించడానికేముంది? పంతులుగారికి ఫోను... డాక్టరమ్మకు తేదీ!

నిజానికి ఆలోచించాల్సింది అక్కడే. పాత కోత ఒక్కటే ఉంటే మామూలు కాన్పుకు దారి మూసుకుపోయినట్టు కాదు. బిడ్డ పెద్దదన్న అనుమానం ఒక్కటే ఉన్నా మూసుకుపోయినట్టు కాదు. అలాగని రెండూ కలిసినప్పుడు ‘ఏం కాదులే’ అనుకోవడమూ ప్రమాదమే. ఆ రెంటి మధ్యా ఉన్న దారి ఏమిటన్నది తల్లీబిడ్డలిద్దరి క్షేమానికి సంబంధించిన విషయం. కొన్నిసార్లు ఇంకా కడుపున పడని మూడో బిడ్డకు సంబంధించిన విషయం కూడా.

ప్రతి ఇంటి ప్రశ్న

ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి వంద కాన్పుల్లో 60.7 సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తమ్మీద సగటు 21.5 మాత్రమే. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే ఆ సంఖ్య ఏకంగా 81.5. పదిమందిలో ఎనిమిదిమందికి కోతే!

మొదటి కాన్పులో ఇన్ని కోతలు పడుతున్నాయంటే, రెండో కాన్పుకు వచ్చేవాళ్లలో చాలామంది గర్భసంచి మీద ఒక గీత ఉన్నట్టే. సిజేరియన్లు ఎందుకు పెరుగుతున్నాయో తెలుసుకోవడానికి కాన్పులను పది వర్గాలుగా విడదీసి చూసే ‘రాబ్సన్‌ వర్గీకరణ’ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫార్సు చేసింది. అందులో అయిదో వర్గం వీళ్లదే... ముందే సిజేరియన్‌ అయినవాళ్లది. చాలాచోట్ల మొత్తం సిజేరియన్లలో పెద్ద వాటా ఈ వర్గానిదే. మొదటి కోత రెండోదాన్ని పిలుస్తుంది. రెండోది మూడోదాన్ని!

ఆ మాట ఎక్కడిది?

‘ఒకసారి సిజేరియన్‌ అయితే ఎప్పటికీ సిజేరియనే’ అన్న సూత్రానికి వందేళ్లు దాటాయి. న్యూయార్క్‌లో ఎడ్విన్‌ క్రాగిన్‌ అనే వైద్యుడు 1916లో అన్నమాటది. ఆయన చెప్పదలచుకున్నది వేరు. అవసరం లేకుండా మొదటి కోత పెట్టకండి, దాని ప్రభావం తర్వాతి కాన్పుల మీద పడుతుందని తోటి వైద్యులకు హెచ్చరిక. దీనికి మినహాయింపులున్నాయనీ ఆయనే చెప్పారు. జనానికి హెచ్చరిక గుర్తులేదు, సూత్రం మాత్రం మిగిలింది.

పైగా ఆ రోజుల్లో గర్భసంచికి నిలువుగా కోత పెట్టేవారు. నొప్పుల సమయంలో గట్టిగా ముడుచుకునే పైభాగం అది. అక్కడి కుట్లు విచ్చుకునే ప్రమాదం ఎక్కువే. 1920ల్లో గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్‌ కిందిభాగంలో అడ్డంగా కోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. అక్కడ కండరం పల్చన. నొప్పుల్లో దానిమీద ఒత్తిడీ తక్కువే. ఇప్పుడు దాదాపు అన్ని సిజేరియన్లూ ఈ పద్ధతిలోనే. కోత మారింది... మాట మాత్రం మారలేదు!

సిజేరియన్‌ తర్వాత మామూలు కాన్పును వైద్యులు ‘వీబ్యాక్‌’ అంటారు. అమెరికాలో 1996 నాటికి, ముందు సిజేరియన్‌ అయినవాళ్లలో 28 శాతం మంది ఇలా కన్నారు. తర్వాత కుట్లు విచ్చుకున్న ఘటనలూ కోర్టు కేసులూ పెరిగేసరికి ఆస్పత్రులు వెనకడుగు వేశాయి. పదేళ్లలోనే అది పది శాతం లోపుకి పడిపోయింది. 2010లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణులందరినీ కూర్చోబెట్టి చర్చించాయి. కిందిభాగంలో అడ్డకోత ఒక్కటే ఉన్న చాలామందికి మామూలు కాన్పు కోసం ప్రయత్నించడం సబబైన మార్గమేనని తేల్చాయి.

ముందు పాత కాగితం తియ్యండి

బీరువాలో చీరల కింద దాచిన ఆస్పత్రి ఫైలుకు ఇప్పుడు పని పడుతుంది. మొదటి కాన్పు డిశ్చార్జి సమ్మరీలో చూడాల్సినవి రెండు. గర్భసంచిపై కోత ఎలా పెట్టారు? ఎందుకు పెట్టారు?

పొట్టమీద కనిపించే మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలి కోత కూడా అడ్డమేనని చెప్పలేం. నెలలు బాగా తక్కువగా ఉన్నప్పుడో, బిడ్డ అడ్డం తిరిగినప్పుడో ఒక్కోసారి లోపల నిలువు కోత పెట్టాల్సి వస్తుంది. అడ్డకోత చాలక పైకి పెంచితే తిరగేసిన ‘టీ’ ఆకారంలో ఉంటుంది. ఇలాంటి కోతలున్నవాళ్లు నొప్పుల దాకా ఆగకూడదు. నిలువు కోతలున్నవాళ్లలో గర్భసంచి చిట్లే ప్రమాదం వందలో 4 నుంచి 9 దాకా ఉంటుందని అంచనా. కింది అడ్డకోత ఉన్నవాళ్లలో అది సుమారు రెండొందల మందిలో ఒకరికి. తేడా అంత!

ఇక ‘ఎందుకు’ అన్నది. మొదటి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందనో, మాయ కిందికి ఉందనో ఆపరేషన్‌ చేస్తే ఆ కారణం ఈసారి ఉండకపోవచ్చు. అలాంటివాళ్లకు మామూలు కాన్పు అయ్యే అవకాశాలు మెరుగు. గంటల తరబడి నొప్పులు పడినా కాన్పు ముందుకు సాగక ఆపరేషన్‌ చేసి ఉంటే అవకాశాలు కాస్త తగ్గుతాయి. పూర్తిగా పోవు.

బరువు... ఒక అంచనా!

కాగితం మీద ‘3.9 కిలోలు’ అని అచ్చయి కనిపిస్తే అది తూకం వేసినట్టే అనిపిస్తుంది. కానీ స్కానింగ్‌ యంత్రం బిడ్డను తూచదు. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలిచి, ఒక సూత్రంలో వేసి బరువును లెక్కగడుతుంది. ఆ లెక్క అటూఇటూ పది పదిహేను శాతం తేడా రావడం మామూలే. అంటే నాలుగు కిలోలని రాసిన బిడ్డ నిజంగా మూడున్నర కిలోలే ఉండొచ్చు... నాలుగున్నరా ఉండొచ్చు. బిడ్డ పెరిగేకొద్దీ పొరపాటూ పెరుగుతుంది.

బ్రిటన్‌లో పెద్ద బిడ్డ ఉందని అనుమానించిన తల్లులమీద జరిగిన ‘బిగ్‌ బేబీ’ పరిశోధన ఫలితాలు 2025లో లాన్సెట్‌ పత్రికలో వచ్చాయి. స్కాన్‌లో పెద్దగా కనిపించిన బిడ్డల్లో సగానికి పైగా పుట్టాక చూస్తే అంత పెద్దవాళ్లు కారు. ఇది పాత కోత ఉన్నవాళ్ల మీద చేసిన పరిశోధన కాదుకానీ, స్కాన్‌ చెప్పే బరువును ఎంతవరకూ నమ్మాలో చెబుతుంది.

అసలు ‘పెద్ద’ అంటే ఎంత? వైద్యపుస్తకాల్లో నాలుగు కిలోలు, కొన్నింటిలో నాలుగున్నర దాటితేనే పెద్ద బిడ్డ. మనదేశంలో పుట్టే బిడ్డల సగటు బరువు మూడు కిలోల లోపే కాబట్టి మూడున్నర కిలోలకే ‘అమ్మో’ అంటాం. పొట్టిగా, సన్నగా ఉండే తల్లికి ఆ మూడున్నరా ఎక్కువ కావచ్చునన్నది నిజమే. అది నొప్పులు మొదలై, బిడ్డ తల కిందికి దిగే తీరు చూశాకే బాగా తెలుస్తుంది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మాట కూడా ఇదే... బిడ్డ పెద్దదన్న అనుమానం ఒక్కటే కారణంగా, సిజేరియన్‌ అయినవాళ్లకు మామూలు కాన్పు అవకాశాన్ని కాదనకూడదు.

సుగరుంటే కథ వేరు

పెద్ద బిడ్డతో వచ్చే అసలు చిక్కు తల దగ్గర కాదు, భుజం దగ్గర. తల బయటికి వచ్చాక భుజం తల్లి కటి ఎముక వెనక ఇరుక్కుంటుంది. అక్కడి నుంచి ప్రతి నిమిషం విలువైనదే. గట్టిగా లాగితే మెడ దగ్గరి నరాలు దెబ్బతిని చెయ్యి చచ్చుబడొచ్చు. ఇలా దెబ్బతిన్న పిల్లల్లో ఎక్కువమందికి నెలల్లో నయమవుతుంది. కొద్దిమందికి మాత్రం జీవితాంతం మిగులుతుంది.

మామూలు బరువున్న బిడ్డల్లో భుజం ఇరుక్కోవడం వందలో ఒకరికి అటూఇటూగా జరుగుతుంది. నాలుగు నుంచి నాలుగున్నర కిలోల మధ్య అది 5 నుంచి 9 దాకా వెళ్తుంది. అయితే ఇలా ఇరుక్కున్న బిడ్డల్లో దాదాపు సగం మంది నాలుగు కిలోల లోపువాళ్లే! అందుకే కాన్పు చేసే ప్రతి బృందానికీ, తల్లి కాళ్లను పొట్టకేసి మడిచి భుజాన్ని విడిపించే పద్ధతులు కరతలామలకంగా ఉండాలి.

తల్లికి సుగరు ఉంటే లెక్క మారిపోతుంది. రక్తంలో ఎక్కువైన చక్కెర మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. బిడ్డ ఒంట్లో కొవ్వు పొట్టమీదా భుజాలమీదా పేరుకుంటుంది. తలకన్నా భుజాలు వెడల్పవుతాయి. అదే బరువున్న మరో బిడ్డకన్నా వీళ్లకు ప్రమాదం ఎక్కువ. 1996లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఓ విశ్లేషణ ఈ తేడాను లెక్కగట్టింది. బిడ్డ నాలుగున్నర కిలోలు దాటిందని అనుమానం వస్తే ఆపరేషన్‌ చెయ్యాలనుకుంటే, శాశ్వతంగా చెయ్యి చచ్చుబడే ఒక్క బిడ్డను కాపాడటానికి సుగరు లేని తల్లులకు 3,695 సిజేరియన్లు చెయ్యాలి. సుగరున్న తల్లులకైతే 443 చాలు. అందుకే బిడ్డ పెద్దదని ముందే సిజేరియన్‌ చేసే విషయం ఆలోచించడానికి అమెరికా వైద్యులు రెండు గీతలు గీసుకున్నారు. సుగరు ఉంటే నాలుగున్నర కిలోలు. లేకపోతే అయిదు కిలోలు.

కాబట్టి ‘బిడ్డ పెద్దగా ఉంది’ అనగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘నా సుగరు ఎంతుంది?’ అని. మనదేశంలో గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తపరీక్ష చేస్తారు. 140 లేదా ఆపైన వస్తే సుగరు ఉన్నట్టే. గర్భం ఖాయమైన కొత్తలో ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి ఈ పరీక్ష చేయించుకోవాలన్నది ప్రభుత్వ మార్గదర్శకం. తిండిలో, నడకలో శ్రద్ధతో, అవసరమైతే మందులతో సుగరును అదుపులో పెట్టుకుంటే బిడ్డ అతిగా బొద్దెక్కకుండా చూడొచ్చు. తొమ్మిదో నెలలో పడే కంగారుకు మందు ఆరో నెలలోనే ఉందన్నమాట!

తక్కెడలో రెండు వైపులు

ఇక అసలు తూకం. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్‌ కాలేజీ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు వైపులా ఉన్న మంచీచెడూ అంకెలతో ఉన్నాయి. అన్ని వసతులూ ఉన్న ఆస్పత్రుల లెక్కలివి.

మామూలు కాన్పు వైపు: ఒక్క సిజేరియన్‌ అయి, నొప్పుల కోసం ఆగినవాళ్లలో వందకు 72 నుంచి 75 మందికి మామూలు కాన్పే అవుతుంది. అంతకుముందు ఎప్పుడైనా మామూలు కాన్పు అయినవాళ్లయితే 85 నుంచి 90 మందికి. అయితే నొప్పులు మొదలయ్యాక కుట్లు విచ్చుకునే ప్రమాదం రెండొందల్లో ఒకరికి. బిడ్డ దక్కకుండా పోయేది పదివేలలో నలుగురికి. ఇది మొదటిసారి కనే తల్లులకు ఉండే ప్రమాదంతో సమానం. ఆక్సిజన్‌ అందక బిడ్డ మెదడు దెబ్బతినేది పదివేలలో ఎనిమిదిమందికి.

ఆపరేషన్‌ వైపు: ముందే తేదీ పెట్టుకుని చేస్తే కుట్లు విచ్చుకునే ప్రమాదం దాదాపు ఉండదు. బిడ్డకు వచ్చే పెద్ద ప్రమాదాలు పదివేలలో ఒకరికి, లేదా అంతకన్నా తక్కువ. కానీ పుట్టిన బిడ్డ కొన్ని గంటలో, రోజులో ఊపిరికి ఇబ్బందిపడటం వీళ్లలోనే ఎక్కువ. తల్లి ప్రాణానికి వచ్చే ముప్పు రెండువైపులా చాలా తక్కువే. ఆ తక్కువలోనూ ఆపరేషన్‌ వైపు లక్షలో 13, మామూలు కాన్పు ప్రయత్నం వైపు లక్షలో 4.

మరి అన్నిటికన్నా ఇబ్బంది ఎవరికి? నొప్పులన్నీ పడి, చివరికి అత్యవసరంగా ఆపరేషన్‌ చేయించుకోవాల్సి వచ్చినవాళ్లకి. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్‌ వంటివి వీళ్లలోనే ఎక్కువ. అందుకే మామూలు కాన్పు అయ్యే అవకాశం ‘నాకు’ ఎంత అన్నదే అసలు ప్రశ్న. బిడ్డ నిజంగానే నాలుగు కిలోలు దాటితే ఆ అవకాశం తగ్గుతుంది. కింద చిరుగులు పెద్దవయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. కుట్లు విచ్చుకోవడం కూడా కొంత పెరుగుతుందని కొన్ని అధ్యయనాలు, పెద్ద తేడా లేదని మరికొన్ని చెబుతున్నాయి. ఎప్పుడూ మామూలు కాన్పు కాకపోవడం, బాగా లావుగా ఉండటం, మొదటిసారి కాన్పు సాగకపోవడమే ఆపరేషన్‌కు కారణం కావడం, ఈసారి నొప్పులు మందులతో రప్పించాల్సి రావడం... ఈ నాలుగూ కలిస్తే అవకాశం వందలో నలభైకి పడిపోతుందని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అలాంటి తల్లికి తేదీ పెట్టుకున్న ఆపరేషనే మేలు కావచ్చు. ఎదురుకాళ్ల వల్ల సిజేరియన్‌ అయి, ఈసారి సుగరు లేక, నొప్పులు వాటంతటవే మొదలైన తల్లికి ‘3.8 కిలోలు’ అన్న అంకె ఒక్కటే అడ్డం కానక్కర్లేదు.

నొప్పులు రప్పించాల్సి వస్తే?

‘బిడ్డ ఇంకా పెరిగిపోకముందే నొప్పులు రప్పిద్దాం’ అన్న ఆలోచన సహజం. పాత కోత ఉన్నప్పుడు ఇక్కడ జాగ్రత్త. మందులతో నొప్పులు రప్పిస్తే కుట్లు విచ్చుకునే ప్రమాదం రెండు మూడు రెట్లవుతుంది. గర్భసంచిని గట్టిగా ముడుచుకునేలా చేసే మిసోప్రోస్టాల్‌ మాత్రలను నెలలు నిండిన, పాత కోత ఉన్న తల్లులకు వాడకూడదు. తప్పనిసరైతే ఫోలీ గొట్టం బెలూన్‌తో గర్భసంచి ముఖద్వారాన్ని మెత్తబరచడం వంటి పద్ధతులున్నాయి. అదీ అన్ని ఏర్పాట్లూ ఉన్నచోటే. మొదటి కాన్పుకీ రెండో కాన్పుకీ మధ్య కనీసం ఏడాదిన్నర, రెండేళ్ల ఎడం ఉండటం కూడా కుట్లకు బలమే.

ఆస్పత్రి సిద్ధంగా ఉందా?

ఇన్ని లెక్కల్లో మనవాళ్లు మరచిపోయేది ఒకటుంది. ‘రెండొందల్లో ఒకరు’ అన్నది నొప్పులు మొదలైనప్పటి నుంచీ బిడ్డ గుండె లయను యంత్రంతో కనిపెడుతూ, తేడా కనిపించిన నిమిషాల్లో థియేటర్‌కి తీసుకెళ్లే చోట భరించదగ్గ ప్రమాదం. అర్ధరాత్రి మత్తు డాక్టరు పక్క ఊరి నుంచి కారులో రావాల్సిన ఆస్పత్రిలో కాదు. రక్తం కోసం జిల్లా కేంద్రానికి పరుగెత్తాల్సిన చోట అసలే కాదు.

కుట్లు విచ్చుకుంటున్నాయని మొదట చెప్పేది చాలాసార్లు బిడ్డ గుండె చప్పుడే. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గని బాధ, పాత కోత దగ్గర సలుపు, రక్తస్రావం, వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోవడం... ఇవన్నీ ప్రమాద సూచనలు. కాబట్టి పాత కోత ఉన్న తల్లి నొప్పులు మొదలవ్వగానే ఆస్పత్రికి చేరాలి. ‘ఇంకాసేపు ఇంట్లోనే చూద్దాం’ పనికిరాదు. పుట్టింటి ఊరు ఆస్పత్రికి దూరమైతే చివరి రోజుల్లో దగ్గర్లో ఉండే ఏర్పాటు చేసుకోవాలి. ఇవేవీ కుదరకపోతే, ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్‌ పిరికితనం కాదు... వివేకం.

ఓపిగ్గా పక్కన ఉండేవాళ్లూ కావాలి. మిడ్‌వైఫరీ శిక్షణ పొందిన నర్సులను కాన్పు గదుల్లోకి తెచ్చే ప్రయత్నాన్ని తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌ నుంచి మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్‌ ఆస్పత్రి అంతకుముందే 2011 నుంచి ఇలాంటి శిక్షణ ఇస్తోంది. 2018లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. డాక్టరు వెనక ఉండి, మిడ్‌వైఫ్‌ ముందుండి ధైర్యం చెప్పే గదిలో తల్లి భయం సగం తగ్గుతుంది.

ఇద్దరు చాలనుకుంటే... మూడోది కావాలంటే...

ఈ నిర్ణయంలో మనకు మాత్రమే ఉన్న మెలిక ఇంకొకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ చేయించుకున్నవాళ్లే. ‘ఎలాగూ ఆ ఆపరేషన్‌ తప్పదు, రెండూ ఒకేసారి అయిపోతాయి’ అని రెండో సిజేరియన్‌కి మొగ్గే కుటుంబాలు బోలెడు. మామూలు కాన్పు అయినా వారంలోపే చిన్న గాటుతో ఆ ఆపరేషన్‌ చేయించుకోవచ్చన్నది వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పరు.

ఇక మూడో బిడ్డ కావాలనుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది మాయ గురించి. కోత పడిన ప్రతిసారీ తర్వాతి గర్భంలో మాయ పాత మచ్చకు వేళ్లూనుకుని ఊడిరాకుండా పోయే ప్రమాదం పెరుగుతుంది. అమెరికాలో సుమారు 30 వేల మంది తల్లులపై జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మాయ కిందికి ఉన్నవాళ్లలో ఇలా అతుక్కుపోవడం రెండో సిజేరియన్‌ నాటికి 11 శాతం, మూడోదానికి 40, నాలుగోదానికి 61 శాతం. అలాంటప్పుడు తల్లిని కాపాడటానికి చాలాసార్లు గర్భసంచినే తీసేయాల్సి వస్తుంది. ఇద్దరితో ఆపేద్దామనుకునే ఇంట్లో ఈ అంకెల బరువు తక్కువ. ఇంకా పిల్లలు కావాలనుకునే ఇంట్లో చాలా ఎక్కువ.

ముహూర్తం మంచిదే... వారం?

ఆపరేషనే ఖాయమైతే తేదీ ఎప్పుడు? సుగరు, బీపీ వంటి కారణాలేవీ లేనప్పుడు 39 వారాలు నిండాకే చెయ్యాలన్నది వైద్యశాస్త్రం మాట. ఆఖరి రెండు వారాల్లోనే బిడ్డ ఊపిరితిత్తులు బయటి గాలికి పూర్తిగా సిద్ధమవుతాయి. మంచి నక్షత్రం 37వ వారంలో ఉందని తొందరపడితే ఆ బిడ్డ మొదటి రోజులు అమ్మ ఒడిలో కాక, గాజు పెట్టెలో గడపాల్సి రావొచ్చు. ముహూర్తం చూసుకోవాలనుకునేవాళ్లు పంతులుగారికి ముందు వారాల లెక్క చెప్పాలి. ఆ తర్వాతే నక్షత్రం!

చెప్పాల్సింది డాక్టరు... తేల్చాల్సింది తల్లి

పెద్ద బిడ్డ, సుగరు, పొట్టి తల్లి... ఈ మూడూ కలిసిన ఒక కాన్పు బ్రిటన్‌లో చట్టాన్నే మార్చింది. 1999లో స్కాట్లండ్‌లో సుగరున్న ఓ తల్లి ‘బిడ్డ పెద్దగా ఉంది కదా, ఏమన్నా ఇబ్బందా’ అన్న భయాన్ని పదేపదే చెప్పుకుంది. అలాంటి తల్లుల్లో భుజం ఇరుక్కునే ప్రమాదం 9-10 శాతం ఉంటుందన్న సంగతి డాక్టరు చెప్పలేదు. చెబితే అందరూ సిజేరియనే అడుగుతారన్నది ఆ డాక్టరు ఆలోచన. కాన్పులో భుజం ఇరుక్కుంది. బిడ్డ జీవితాంతం వైకల్యంతో మిగిలాడు. 2015లో మాంట్‌గోమరీ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో బ్రిటన్‌ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏది ముఖ్యమైన ప్రమాదమో డాక్టరు కళ్లతో కాదు, ఆ స్థానంలో ఉన్న తల్లి కళ్లతో చూడాలి. ప్రమాదాలనూ, వేరే దారులనూ చెప్పి తీరాలి.

మన సుప్రీంకోర్టు కూడా 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇలాంటి మాటే చెప్పింది. చికిత్స ఏమిటో, దాని ప్రమాదాలేమిటో, వేరే మార్గాలేమున్నాయో తగినంతగా తెలిశాక ఇచ్చిందే అసలైన అంగీకారమని. ఆపరేషన్‌కి ముందు హడావుడిలో చూపించిన చోటల్లా సంతకం పెట్టడం అంగీకారం కాదు.

ఈ హక్కు రెండువైపులా పదునున్నదే. ‘నాకు మళ్లీ ఆ నొప్పుల గండం వద్దు, ఆపరేషనే చెయ్యండి’ అనే తల్లి మాటకూ విలువుంది. ‘అన్నీ అనుకూలంగా ఉంటే నేను ప్రయత్నిస్తాను’ అనే తల్లి మాటకూ అంతే విలువుంది. అత్తగారి మాట, అమ్మ మాట, ఆయన మాట... అన్నీ విన్నాక చివరి మాట ఆమెదే కావాలి. నొప్పులు పడేదీ ఆమే. కుట్లు మోసేదీ ఆమే!

ఏడో నెలలోనే అడగండి

* నా పాత కోత ఏ రకం? డిశ్చార్జి సమ్మరీలో రాసి ఉందా?

* మొదటిసారి ఆపరేషన్‌ ఎందుకయింది? ఆ కారణం ఈసారీ ఉందా?

* నాకు సుగరు ఉందా? అదుపులో ఉందా?

* బిడ్డ బరువు అంచనాలో తేడా ఎంత ఉండొచ్చు? మాయ ఎక్కడుంది?

* మామూలు కాన్పు అయ్యే అవకాశం నాకు ఎంత?

* రాత్రివేళ కూడా థియేటర్‌, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం ఇక్కడే ఉంటాయా?

* నెలలు నిండినా నొప్పులు రాకపోతే ఎన్నాళ్లు చూస్తారు? అప్పుడేం చేస్తారు?

* ఏ దశలో ఆపరేషన్‌కి మారతారు?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. మామూలు కాన్పు కోసం ప్రయత్నించడమంటే ఏమైనా సరే అలాగే కంటానని ఒట్టు పెట్టుకోవడం కాదు. తల దిగకపోయినా, బిడ్డ గుండె లయ తప్పినా దారి మార్చుకోవాల్సిందే. అలా మారినంత మాత్రాన ఓడిపోయినట్టు కాదు. ఆపరేషన్‌ తేదీకి ముందే నొప్పులొచ్చి, బిడ్డ గబగబా దిగిపోతుంటే అప్పుడూ పథకం మారొచ్చు. ఏ దారిలో కన్నా అమ్మ అమ్మే. ఆ దారిని తెలిసి ఎంచుకుందా, తెలియక నడిచిందా... అదొక్కటే తేడా.